ఒకే చెట్టు, ఒకే పావుగంట

షాలిమార్‌లో కోకిల హైదరాబాదు కోకిల కంటే నలభై నిమిషాలు ముందే లేస్తుంది. దేశమంతా గడియారం ఒకటే, పొద్దు మాత్రం తూర్పువాళ్ళకి ముందు పొడుస్తుంది. మార్చి 20 ప్రాంతంలో హైదరాబాదులో సూర్యోదయం 6.20కి అయితే, హుగ్లీ ఒడ్డున 5.40కే అయిపోతుంది. మా ఆయన బదిలీతో ఇక్కడికి వచ్చిన మొదటి ఫాల్గుణంలో, నాలుగున్నరకి కటిక చీకట్లో కుహూ అని వినబడితే, వేళకాని వేళ ఏమిటీ అరుపు అనుకుని దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. దాని వేళే ఈ ఊరి వేళ అని తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఉద్యోగం కోసమో, పెళ్ళి వల్లో ఎక్కడికో వచ్చి, ఆ చోటు మీద మనసు నిలవని వాళ్ళ కోసం ఈ అధ్యాయం. చెప్పబోయే పద్ధతి పక్షుల్ని చూడటం. కాలక్షేపానికి కాదు. చెదిరిపోయిన చూపును ఒక చోట కూర్చోబెట్టడానికి నాకు తెలిసిన పద్ధతుల్లో ఇంతకంటే మంచిది లేదు. దీనికి వసంతమే తగిన కాలం.

తెలుగువాళ్ళకు షాలిమార్ అంటే రైలు బోర్డు మీది పేరు. కోరమండల్ ఇక్కడే బయల్దేరుతుంది. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడే ఆగిపోతుంది. కోల్‌కతా అనుకుని దిగుతాం కానీ ఇది నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు. ఒకప్పుడు గూడ్సు యార్డుగానే తెలిసిన చోటు. దిగినవాళ్ళు వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళిపోతారు. ఉండిపోయిన వాళ్ళం మాత్రం కొందరం ఉన్నాం. అవతలి ఒడ్డున గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం, ఇటు పక్క ఖరగ్‌పూర్ దాకా రైలు పట్టాల వెంట పరుచుకున్న తెలుగు కుటుంబాలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇది సాగుతోంది.

నా మొదటి సంవత్సరం ఫోనులో గడిచింది. విశాఖలో వానపడితే నాకు తెలిసేది, మా వీధిలో పడితే బట్టలు తడిసేదాకా తెలిసేది కాదు. చూపు ఒక ఊళ్ళో, ఒళ్ళు ఒక ఊళ్ళో ఉంటే మనిషికి వచ్చే అలసట వేరు. నిద్రపోయినా తీరదు. మీకూ ఆ అలసట ఉంటే, ముందు ఒక చెట్టును ఎంచుకోండి.

చెట్టును ఎంచుకోవడం

షాలిమార్ స్టేషను నుంచి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఎంతో దూరం లేదు. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట అది. ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు మీద ఉంది. 270 ఎకరాలకు పైగా ఉంటుంది, లోపల అన్నీ చెరువులే, ఒక పక్క నది. అందరూ మహావటం చూడటానికి వెళతారు. రెండున్నర శతాబ్దాల వయసు దాటిన మర్రి, దాని మొదలు మానుకు పుట్టగొడుగు తెగులు పట్టి పాడైతే 1925లో తీసేశారు. ఇప్పుడు నిలబడి ఉన్నదంతా ఊడలే. మొదలు లేకుండా వంద ఏళ్ళుగా పచ్చగా ఉంది. కొత్త ఊళ్ళో దిగాలుగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళి చూడండి.

కానీ పక్షుల కోసం దాని దగ్గర కూర్చోవద్దు. జనం ఎక్కువ, ఆకు దట్టం. వసంతంలో మీకు కావలసింది ఆకు రాల్చేసి పూత మీదున్న చెట్టు. మన బూరుగు చెట్టు, బెంగాలీలు శిముల్ అంటారు. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఒక్క ఆకు లేకుండా దోసెడంత ఎర్రపూలు పూస్తుంది. ఒక్కో పువ్వూ తేనె గిన్నె. గోరింకలు, పికిలిపిట్టలు, కాకులు, చిలకలు, పసుల పోలిగాళ్ళు, నెమలికంఠం రంగుల తేనెపిట్టలు, అన్నీ అక్కడికే వస్తాయి. దాక్కోవడానికి వాటికి ఆకు ఉండదు. కొత్తగా నేర్చుకునే కళ్ళకు ప్రకృతి ఇంత సాయం ఇంకే నెలలోనూ చేయదు. బూరుగు దొరక్కపోతే మోదుగ, అదీ లేకపోతే మీ డాబా మీదకి కనబడే ఏ రావిచెట్టైనా సరే. దూరం నడవాల్సిన చెట్టు వద్దు. పది నిమిషాల్లో చేరలేని చోటికి మూడో వారం తర్వాత ఎవరూ వెళ్ళరు.

శిబ్‌పూర్ తోటకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. 1793లో దీని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు ఉన్నది మన సామర్లకోటలో. అక్కడ చుట్టుపక్కల మొక్కల్ని చూసి, బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం అలా పుట్టింది. మద్రాసులో ఉన్న రోజుల నుంచే ఎండ, గాలి, వాన లెక్క రోజూ కాగితం మీద పెట్టే మనిషి. ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ తోటలో నది ఒడ్డున ఉంది. సామర్లకోట నుంచి షాలిమార్‌కి వచ్చి, వచ్చిన చోట ఏముందో శ్రద్ధగా రాసుకున్న మొదటివాడు ఆయనే అని నాకు అనిపిస్తుంది. పుట్టింది స్కాట్లండులోనే అయినా, ఆ పనిలో ఆయన మనకు పెద్దవాడు.

మొదటి వారం కళ్ళతో పని లేదు

చెట్టు దొరికాక, రోజూ ఒకే వేళకి, పదిహేను నిమిషాలు కూర్చోండి. మొదటి వారం ఏ పిట్టనూ వెతకొద్దు. వినండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను కాబట్టి మీకు ముందే చెబుతున్నాను. కన్ను ఒకసారికి ఒక వైపే చూస్తుంది. చెవికి వీపు వెనక కూడా తలుపులు ఉన్నాయి.

వారంలో అయిదు గొంతులు గుర్తుపట్టగలిగితే చాలు. కోకిల మీకు తెలుసు. కానీ కుహూ అని పాడేది మగది అని చాలామందికి తెలియదు. అది కారునలుపు, కన్ను ఎరుపు. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, పాడదు, కిక్ కిక్ కిక్ అని కంగారుగా అరుస్తుంది. గుడ్లు పెట్టేది కాకి గూట్లో కాబట్టి, ఆ కంగారుకు అర్థం ఉంది. రెండోది పెద్ద నల్లంచి. నలుపూ తెలుపూ, పైకెత్తిన తోక. చలికాలమంతా మూగగా పొదల కింద తిరిగి, ఫాల్గుణం రాగానే యాంటెన్నా కొసనెక్కి, తెల్లవారకముందే ఈల పాట అందుకుంటుంది. ఇక్కడివాళ్ళు దొయెల్ అంటారు, బంగ్లాదేశ్‌కి అది జాతీయ పక్షి. మూడోది కంసాలి పిట్ట. కనబడకుండా, ఆగకుండా, సన్న సుత్తితో రాగిరేకు కొట్టినట్టు టుక్ టుక్ టుక్. పిచ్చుకంత ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద కుంకుమ బొట్టు ఉంటుంది. నాలుగోది లకుముకి. ఇక్కడి మాటలో మాఛ్‌రాంగా. చెరువు మీద నుంచి పోతూ పకపకా నవ్వినట్టు అరుస్తుంది. అయిదోది మీ చోటుకే చెందిన ఏదో ఒకటి. నాకు అది ఆకులు కుట్టుకునే బుల్లి పిట్ట. బొటనవేలంత ఒళ్ళు, వీధంతా మోగే గొంతు.

ఫోనులో పక్షి గొంతును గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి, మెర్లిన్ బాగా పనిచేస్తుంది. మొదటి వారం దాన్ని ముట్టుకోవద్దు. ఫోను పేరు చెప్పేస్తే చెవి వినడం మానేస్తుంది. మీరు విని, తికమక పడి, ఇదీ అదీ ఒకటేనా అని రెండు రోజులు సతమతమయ్యాక అప్పుడు అడగండి. ఆ సతమతమవడంలోనే శ్రద్ధ తయారవుతుంది.

పేరు పెట్టి పిలవడం

మా కింది వాటాలో ఉండే పెద్దావిడను నేను మాషీమా అంటాను, ఆవిడ నన్ను బౌమా అంటుంది. కోడలా అని. ఏడాది పాటు మా మధ్య నవ్వులే తప్ప మాటలు లేవు, నాకు బెంగాలీ రాదు కాబట్టి. చైత్రం నెలాఖరులో ఒక సాయంత్రం నేను డాబా మీద ఉంటే, దూరంగా చెట్లలోంచి నాలుగు స్వరాల పిలుపు మొదలైంది. రెండు పైకి, రెండు కిందకి, మళ్ళీ మళ్ళీ. మాషీమా బట్టలు తీస్తూ ఆగి, నా వైపు వేలు చూపించి, దాని పేరు చెప్పింది. బౌ కథా కవ్. అది కోకిల జాతిదే, వేరే పిట్ట. పేరుకు అర్థం: కోడలు పిల్లా, మాట్లాడు. "నీతోనే అంటోంది, విను" అని ఆవిడ చేతులతో చెప్పింది.

నాకు ఆ సాయంత్రం ఏడుపు వచ్చింది. తర్వాత మాటలు వచ్చాయి. నా బెంగాలీ మొత్తం పక్షుల పేర్లతో మొదలైంది. ఆ రోజుల్లోనే రాత్రీ పగలూ స్వరం పెంచుకుంటూ పోయి, ఇక గొంతు చిరుగుతుందేమో అనిపించే పిట్ట ఉంటుంది. వీళ్ళ చెవికి అది చోఖ్ గేలో, కన్ను పోయింది అని వినబడుతుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి మెదడు జ్వరం పిట్ట అని పేరు పెట్టారు, హిందీలో పపీహా. పసుపు ఒళ్ళు, నల్ల తల ఉన్న మన వంగపండు ఇక్కడ ఇష్టికుటుమ్. అది ఇంటి దగ్గర అరిస్తే చుట్టాలు వస్తారట. కంసాలి పిట్టనూ దాని అన్నదమ్ముల్నీ బసంత బౌరి అంటారు. ఒక పేరు నేర్చుకుంటే ఒక ఇంటి గడప దాటినట్టు ఉండేది.

మన పేర్లు మనం మరిచిపోవడం మీద నాకు బాధ ఉంది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ మన ఊళ్ళలో పక్షులు పట్టేవాళ్ళను అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు ఆయన భారతదేశ పక్షుల పుస్తకం మూడు భాగాలుగా అచ్చయింది ఇక్కడే, కలకత్తాలో. మన కలివికోడిని శాస్త్రానికి పరిచయం చేసిందీ ఆయనే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఆ పుస్తకంలో ఉన్న తెలుగు పేర్లలో సగం ఇవాళ మన పిల్లలకు తెలియవు. కానీ ఒక్క మాట మాత్రం మన ప్రమేయం లేకుండానే ప్రపంచం తిరిగింది. పిట్ట అన్న మాట. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక పక్షి ప్రజాతికి పిట్ట అనే పేరు ఖాయం చేశాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు ఉన్న నలభైకి పైగా జాతుల్ని ఇవాళ ఏ దేశం వాళ్ళైనా పిట్టలు అనే పిలుస్తారు. వాటిలో మన దేశంలో ఎక్కువగా కనబడేది పొన్నంగి పిట్ట. దాని సంగతి మళ్ళీ చెబుతాను, అక్కడ నేను ఒక తప్పు చేశాను.

వెళ్ళిపోయేవాటిని లెక్కపెట్టడం

వసంతంలో పక్షులు చూడటం గురించి ఉన్న పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లండువి. అవి చదివి నేను మొదట తప్పుదారి పట్టాను. ఉత్తర ఇంగ్లండులో వసంతమంటే రాక. మార్చిలో చిఫ్‌చాఫ్ అనే చిన్న పిట్ట తన పేరు తానే పలుకుతూ దిగుతుంది. పెనైన్ కొండల బీళ్ళ మీద కర్లూ పక్షులు కూస్తాయి. లాంకషైర్‌లోని లైటన్ మాస్ రెల్లుమడుగుల్లో బిటర్న్ అనే కొంగ ఖాళీ కుండలో ఊదినట్టు మూలుగుతుంది. ఏప్రిల్లో ఆఫ్రికా నుంచి వానకోవెలలు, వాళ్ళ మాటలో స్వాలోలు, వస్తాయి. మొదటి వానకోవెల ఎప్పుడు కనబడిందో అక్కడ తరాలుగా రాసుకుంటారు. నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో మొదలుపెట్టిన వసంత చిహ్నాల పట్టికను వాళ్ళ వంశస్థులు 1958 దాకా కొనసాగించారు.

అదే వానకోవెల, అదే జాతి, చలికాలమంతా మా షాలిమార్ కరెంటు తీగల మీద వరసగా కూర్చుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఉత్తరానికి వెళ్ళిపోతుంది. మనకు వసంతం వీడ్కోలు కాలం. వాళ్ళు మొదటి తేదీ రాసుకుంటే మనం రాసుకోవలసింది చివరి తేదీ. ఇది రాకను గమనించడం కంటే కష్టం. వచ్చిన రోజు పక్షి కనబడుతుంది, వెళ్ళిన రోజు ఏమీ కనబడదు. ఈ రోజు చూసినది ఆఖరుసారి అవునో కాదో ఈ రోజు తెలియదు. అందుకని ఉన్న ప్రతిసారీ చూడాలి.

ఇది నేర్చుకోవడానికి సాంత్రాగాచి ఝీల్‌ను మించిన బడి లేదు. మన రైళ్ళు షాలిమార్ చేరడానికి ముందు తగిలే జంక్షన్ అది. స్టేషను పక్కనే రైల్వే స్థలంలో చెరువు, చుట్టూ మేడలు, పగలంతా రైళ్ళ కూతలు. వాటి మధ్య చలికాలంలో వేల బాతులు. ఎక్కువ భాగం చిలువలు, ఇక్కడి మాటలో సొరాల్. ఈలవేసినట్టు సిసిక్ సిసిక్ అంటాయి. ఇవి సైబీరియా నుంచి వచ్చాయని ఒడ్డున అందరూ చెబుతారు, కానీ చిలువ మన దేశపు బాతే. నీళ్ళున్న చోటికి మారుతూ ఉంటుంది, అంతే. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవి వాటి మధ్య గుప్పెడు ఉంటాయి. సూదితోక బాతు, బూడిదరంగు గాడ్వాల్. ఆ పేరు చూసి మన గద్వాలతో ఏదో సంబంధం ఉందని ఆశపడ్డాను, లేదు. చలికాలానికి ముందు చెరువులో గుర్రపుడెక్కను కొంత తీసి, కొంత దిబ్బలుగా వదులుతారు. బాతులు పగలు ఆ దిబ్బల మీద నిద్రపోతాయి. మొత్తం తీసేస్తే కూర్చునే చోటు ఉండదు, అసలు తీయకపోతే నీళ్ళే ఉండవు. ఎంత తీయాలో తెలిసినవాళ్ళు ఉండబట్టి ఆ చెరువు పక్షులది అయింది. మురుగునీటి బెడద మాత్రం ఇంకా వెంటాడుతూనే ఉంది.

ఫిబ్రవరి నుంచి వారానికి ఒకసారి వెళ్ళండి. లెక్కపెట్టడానికి ఒక కిటుకు: పది బాతుల్ని ఒక్కొక్కటిగా లెక్కించి ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో పట్టుకోండి. ఆ చోటు కొలతతో గుంపంతా కొలవండి. మొదట్లో బాగా తప్పుతారు, నాలుగు వారాలకు కుదురుతుంది. అసలు సంఖ్య కంటే తగ్గుదల ముఖ్యం. మార్చి రెండో వారానికి ఒక దిబ్బ ఖాళీ అవుతుంది. తర్వాత గాడ్వాల్‌లు కనబడవు. ఒక ఆదివారం మీ పుస్తకంలో రెండంకెల సంఖ్య పడుతుంది. నేను ఒడ్డున నిలబడి అలాంటి సంఖ్య మొదటిసారి రాసినప్పుడు, పిల్లల్ని రైలెక్కించి ప్లాట్‌ఫారం మీద మిగిలినట్టు అనిపించింది. ఆ బరువును తప్పించుకోకండి. ఒక చోటు మీద మనసు పడిందనడానికి గుర్తు అదే.

ఉండిపోయేవి కూడా ఆ నెలల్లో మారతాయి. గుడ్డికొంగను చూడండి. మనిషి అంత దగ్గరికి వచ్చినా కదలదని మనవాళ్ళు దానికి ఆ పేరు పెట్టారు. చలికాలంలో మట్టిరంగు చారలతో బురదలో కలిసిపోయి ఉంటుంది. ఏప్రిల్లో అదే కొంగ వీపు మీద ముదురు ఎరుపు శాలువా కప్పుకుంటుంది, మెడ బంగారు వన్నె తేలుతుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తలకు నారింజ రంగు వస్తుంది. ఇవేవో కొత్త పక్షులనుకుని నేను పుస్తకం తిరగేశాను. ఒకే చోట కూర్చోమని పట్టుబట్టేది ఇందుకే. రోజూ చూసిన కొంగ రంగు మారితేనే మార్పు తెలుస్తుంది. ఊరూరా తిరిగేవాడికి అవి రెండు పక్షులు.

పరికరాలు, పుస్తకం, ఒక తప్పు

బైనాక్యులర్ కొంటే 8×42 కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం ఉదయపు మసకలో చాలినంత వెలుతురు తెస్తుంది. అంతకంటే పెద్దదైతే చెయ్యి వణికి బొమ్మ కదులుతుంది. మెడలో పట్టీ పొట్టిగా ఉండాలి. పక్షిని ముందు మామూలు కంటితో పట్టుకోండి, చూపు దాని మీద నుంచి తీయకుండా అద్దాలను కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. తల దించి బైనాక్యులర్ వెతుక్కుంటే పక్షి పోతుంది. మొదటి నెల అది లేకపోయినా నష్టం లేదు.

నోటుపుస్తకం మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. తేదీ, సమయం, గాలి, ఎండ, ఏ పిట్ట, ఎన్ని, ఏం చేస్తోంది. ఏం చేస్తోంది అన్నదే అసలు గడి. పేరు తెలియకపోతే వర్ణన రాయండి. నా పుస్తకంలో మూడు వారాలు "తోక ఆడిస్తూ నడిచే పసుపు తల" అని ఉంది. ఇంకో పని చేయవచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెడుతుంది, 2013 నుంచి మన దేశమూ చేరింది. కనీసం పదిహేను నిమిషాలు లెక్కపెట్టి ఈబర్డ్ వెబ్‌సైటులో పెడితే చాలు. మీ బూరుగు చెట్టు మీది గోరింకలు కూడా శాస్త్రవేత్తల లెక్కలోకి వెళతాయి.

ఇప్పుడు నా తప్పు. పొన్నంగి పిట్ట చలికాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, వేసవి ముందు గుడ్లు పెట్టుకోవడానికి ఉత్తరంగా, మధ్య భారతం వైపుగా సాగుతుంది. రాత్రిళ్ళు ఎగురుతుంది. దారిలో అలసి ఏ తోటలోనో దిగుతుంది. ఆకుపచ్చ వీపు, గోధుమ వన్నె పొట్ట, తోక కింద సింధూరం, రెక్కలో నీలం. నేల మీద ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు తింటుంది. ఉదయం, సందెవేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళంలో దాన్ని ఆరు గంటల పిట్ట అంటారు. మన మాట మోసుకుని తిరిగే పక్షిని చూడాలని నాకు రెండేళ్ళు ఆరాటం. ఒక మే నెల సాయంత్రం ఈల వినబడింది. ఓపిక పట్టలేక ఫోనులో దాని గొంతు పెట్టాను. అది వచ్చింది. కానీ ఎలా వచ్చింది! మెడ సాచి, అటూ ఇటూ గెంతుతూ, తన చోటులో ఎవరో చొరబడ్డారని వెతుక్కుంటూ. రాత్రంతా ఎగిరి వచ్చిన పక్షి, మళ్ళీ ఎగరాల్సిన పక్షి, తిండి మానేసి లేని శత్రువు కోసం తిరిగింది. నేను ఫోను ఆపేసినా చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ గొంతు పెట్టలేదు. మీరూ పెట్టకండి, ముఖ్యంగా వసంతంలో. గూడు కనబడితే రెండడుగులు వెనక్కి వేయండి. మీరు దగ్గర నిలబడ్డంతసేపూ తల్లి గూటికి రాదు, కాకి మాత్రం మీరు ఎటు చూస్తున్నారో చూస్తూ ఉంటుంది.

రైలు దారి వెంట

ఈ అలవాటు పట్టుబడ్డాక ఊరికి వెళ్ళే దారి కూడా మారిపోతుంది. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ దారిని ఒకసారి తలుచుకోండి. సాంత్రాగాచి ఝీల్, ఆ తర్వాత చిలికా ఒడ్డు, ఆ తర్వాత శ్రీకాకుళంలో నౌపడ. నౌపడకు దగ్గరలోనే తేలినీలాపురం ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటే, పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే ఊరు. ఇంకా దక్షిణానికి వస్తే ఏలూరు పక్కన కొల్లేరు. మా తూర్పు కోల్‌కతా చిత్తడినేలలకూ కొల్లేరుకూ అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది ఒకే రోజు, 2002 ఆగస్టు 19న. తూర్పు కోల్‌కతాలో 12,500 హెక్టార్లలో నగరపు మురుగునీటినే చేపల చెరువుల్లోకి మళ్ళించి, ఎండతోనూ నాచుతోనూ శుభ్రం చేసుకుంటారు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు జీవితమంతా ఆ నేలల విలువ చెబుతూ, వాటిని కాపాడుతూ 2018లో కన్నుమూశారు. కొల్లేటిలో చేపల చెరువులే సరస్సును మింగేశాయి, 2006లో గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ఒకే పని ఒక చోట పక్షులకు అన్నం పెట్టింది, ఇంకో చోట గూడు కూల్చింది. రైల్లో కూర్చుని ఈ తేడా గురించి మా అమ్మాయికి చెబుతుంటాను. తనకు బౌ కథా కవ్ పిలుపు "అక్కా రావే" అని వినబడుతుంది. అలాగే రాసుకోమన్నాను.

పోయిన మే నెలలో ఊరికి వెళుతున్నాం. తెల్లవారుజామున సామర్లకోటలో రైలు ఆగింది. తలుపు దగ్గర నిలబడ్డాను. ప్లాట్‌ఫారం చివర చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. గూడ్సు షెడ్డు వెనక చెట్లలో కోకిల అప్పుడే అందుకుంది. షాలిమార్‌లో ఈపాటికి పావుగంట పైనే పాడేసి ఉంటుంది, మాషీమా లేచి నీళ్ళు పట్టుకుంటూ ఉంటుంది. మా అమ్మాయి లోపలి నుంచి నోటుపుస్తకం తెచ్చిచ్చింది. తేదీ వేసి, గాలి లేదు అని రాసి, కోకిల, ఒకటి, మగది అని రాస్తూ ఉండగా రైలు కదిలింది.